వెర్బుల పట్టీ నుంచి కంట్రోలర్‌కి: మంకీ ఐలాండ్ కన్సోల్ పోర్టు మీద ఒక కేస్ స్టడీ

లూకస్‌ఫిల్మ్ గేమ్స్ 1990లో తెచ్చిన ‘ద సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్’ మౌస్‌ను నమ్ముకుని పుట్టిన ఆట. తెర పైభాగంలో బొమ్మ, కింద వెర్బుల (‘తెరువు’, ‘ఇవ్వు’ లాంటి క్రియల) పట్టీ, పక్కనే సంచీలోని వస్తువులు, ఈ రెంటికీ బొమ్మకీ మధ్య ఒక్క లైను. ఆటగాడు కూర్చుకుంటున్న ఆజ్ఞ ఆ లైనులోనే కనిపిస్తుంది. ఇదే ఆట 2009 జూలైలో స్పెషల్ ఎడిషన్‌గా ఎక్స్‌బాక్స్ లైవ్ ఆర్కేడ్‌కీ పీసీకీ వచ్చింది, 2010లో ప్లేస్టేషన్ 3కీ చేరింది. అడుగున స్కమ్ అనే పాత ఇంజన్ (ఆటను నడిపించే ప్రోగ్రాం) నడుస్తూనే ఉంటుంది, దాని మీద కొత్త బొమ్మలూ గొంతులూ పరుచుకుంటాయి. ఒక్క బటన్ నొక్కితే కొత్త రూపం తొలగి పాత రూపం బయటపడుతుంది.

ఇలాంటి పాత ఆటను ఇప్పుడు స్విచ్, ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ లాంటి వాటికి తేవాలనుకునే వాళ్లకు ఈ రెండంతస్తుల పద్ధతి మంచి పునాది. ఇందులో బొమ్మలు తిరగగీయడం ఖర్చుతో కూడిన పనే, అయినా ఎలా చేయాలో ముందే తెలిసిన పని. పోర్టు, అంటే ఆటను కొత్త యంత్రానికి తేవడం, దెబ్బతినేది వేరే చోట. వెర్బుల పట్టీని కేవలం మెనూ అనుకుని పక్కన పెట్టి, దాని స్థానంలో కొత్త మెనూ పెడతారు. ఈ ఆటలో ఆ పట్టీ కథలో ఒక పాత్ర. ఆటలో ఏం జరగాలో చెప్పే స్క్రిప్టు దాన్ని మారుస్తుంది, దానితో ఆడుకుంటుంది. కాలం కూడా అంతే, స్క్రిప్టు చేతిలోనే ఉంటుంది. అందుకే ఈ పట్టీని గానీ ఈ కాలాన్ని గానీ స్క్రిప్టు చేతికి అందకుండా చేసే ఏ మార్పూ చేయకూడదు. కింద చెప్పిన నిర్ణయాలన్నీ దీని నుంచి వచ్చినవే.

ముందు ఏ వెర్షన్ మీద కట్టాలో తేల్చుకోవాలి

ఆట ఒకటే అయినా రూపాలు చాలా ఉన్నాయి. మొదటిది 16 రంగుల ఈజీఏ ఫ్లాపీ, ఆ తర్వాత 256 రంగుల వీజీఏ, ఆ తర్వాత సీడీ. ఫ్లాపీ వెర్షన్లలో 12 వెర్బులుంటే సీడీలో 9కి తగ్గాయి. సీడీలో సంగీతం నేరుగా ఆడియో ట్రాకులుగా వస్తుంది, సంచీలో వస్తువులు పేర్లకు బదులు బొమ్మలుగా కనిపిస్తాయి. అడవిలో చెట్టు మొద్దు దగ్గర ‘డిస్క్ నంబర్ 22 పెట్టండి’ అనే హాస్యం మాత్రం సీడీలో లేదు. నిజంగానే డిస్కు పోయిందనుకుని జనం కంపెనీకి ఫోన్లు చేశారు, దాంతో దాన్ని తీసేశారు. కంట్రోలర్‌కి సీడీ వెర్షనే నయం: తొమ్మిది వెర్బులు 3×3 గళ్లలో సరిగ్గా సర్దుకుంటాయి. మొద్దు హాస్యాన్ని వెనక్కి తేవాలంటే దాని స్క్రిప్టును ఫ్లాపీ వెర్షన్ నుంచి విడిగా తీసుకుని అతికించాలి.

ఈ తరం స్కమ్ డేటా ఫైళ్లలో ప్రతి బైటూ 0x69 అనే సంఖ్యతో ఎక్సార్ అయి, అంటే తిరిగి విప్పగలిగేలా మారి ఉంటుంది. దాన్ని విప్పితే గదులు, కాస్ట్యూములు (పాత్రల బొమ్మలు), శబ్దాలు, స్క్రిప్టులు విడివిడి బ్లాకులుగా బయటికొస్తాయి. ముందుగా ఒక చిన్న టూల్ రాసుకుని ప్రతి గదికీ ఒక పట్టిక తీయాలి: అందులోని వస్తువులు, వాటి పెట్టెలు, నడిచే చోట్లు, ప్రవేశ స్క్రిప్టు, నిష్క్రమణ స్క్రిప్టు. ప్రాజెక్టు ముగిసేదాకా అందరూ తిరిగి తిరిగి వచ్చేది ఈ పట్టిక దగ్గరికే.

తెర కొలతలు

పాత తెర 320×200. అప్పటి మానిటర్ దాన్ని 4:3 ఆకారంలో చూపేది కాబట్టి ఒక్కో పిక్సెల్ వెడల్పు కంటే ఎత్తు 1.2 రెట్లు ఎక్కువ. దీన్ని మరిచి చదరపు పిక్సెళ్లతో పెంచితే ఆట కథానాయకుడు గైబ్రష్ పొట్టిగా, లావుగా కనిపిస్తాడు.

పాత రూపాన్ని 1080 లైన్ల తెర మీద సరిగ్గా చూపాలంటే 1440×1080 కావాలి. అంటే అడ్డంగా 4.5 రెట్లు, నిలువుగా 5.4 రెట్లు. రెండూ పూర్ణసంఖ్యలు కావు. నేరుగా పెంచితే కొన్ని పిక్సెళ్లు నాలుగు చుక్కలు, పక్కవి అయిదు చుక్కలు అవుతాయి, తెర జరిగేటప్పుడు అక్షరాలు వణుకుతాయి. దీనికి మందు రెండు మెట్ల స్కేలింగ్: ముందు నియరెస్ట్ నైబర్‌తో (పిక్సెల్‌ను ఉన్నదున్నట్టు నకలు చేసే పద్ధతి) 5×6 రెట్లు పెంచి 1600×1200 చేయాలి, తర్వాత దాన్ని బైలీనియర్‌తో (పక్క చుక్కల రంగులు కలిపే పద్ధతి) 0.9కి తగ్గించాలి. అంచులు ఒక్క చుక్క మేరకే మెత్తబడతాయి, వణుకు పోతుంది. స్విచ్ చేతిలో ఉన్నప్పుడు తెర 1280×720, అక్కడ 960×720 చాలు. అడ్డంగా సరిగ్గా 3 రెట్లు కాబట్టి 3×4 రెట్లు పెంచి నిలువుగా మాత్రం తగ్గిస్తే సరిపోతుంది. 4కే తెరకి 2880×2160: 9×11 పెంచి, 2200 లైన్లను 2160కి దించాలి.

కొత్త రూపం దగ్గర లెక్క మనకు అనుకూలంగా తిరుగుతుంది. తెరలో ఆట జరిగే గది భాగం 320×144 మాత్రమే, కింది 56 లైన్లూ పట్టీవి. పట్టీ తీసేసి గది ఒక్కటే తీసుకుంటే, పిక్సెల్ ఎత్తు కలుపుకుని దాని నిష్పత్తి 1.85 వస్తుంది. 16:9 అంటే 1.78. అంటే 1990 నాటి గది దాదాపు నేటి టీవీ ఆకారంలోనే ఉంది! అడ్డంగా సరిగ్గా 6 రెట్లు పెంచితే 1920, నిలువుగా 7.2 రెట్లకు 1036.8. మిగిలిన 43 లైన్లకే చిత్రకారుడు కొత్తగా ఆకాశమో నేలో గీయాల్సి ఉంటుంది. పక్కల గోడలు కొత్తగా కల్పించే బాధ లేదు.

ఈ సౌకర్యంతో పాటే ఒక ఉచ్చు కూడా వస్తుంది. ఈ తరం స్కమ్‌లో వస్తువుల హాట్‌స్పాట్ (క్లిక్కు తగిలే చోటు) పెట్టెల స్థానం, కొలత 8 పిక్సెళ్ల గుణిజాల్లో ఉంటాయి. కొత్త తెర మీద ఒక్కో అడుగు 48 చుక్కల వెడల్పు, 57.6 చుక్కల ఎత్తు. పాత మసక బొమ్మలో తలుపు ఎక్కడ మొదలైందో కచ్చితంగా తెలిసేది కాదు, కాబట్టి ఈ తేడాను ఎవరూ పట్టించుకోలేదు. కొత్త బొమ్మలో తలుపు అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. కర్సర్ తలుపు మీదే ఉన్నా పేరు రాదు, పక్క గోడ మీద పెడితే వస్తుంది. వీఎంలోని (స్క్రిప్టులను నడిపే పాత ఇంజన్‌లోని) పెట్టెలను ముట్టుకోవద్దు. పైపొరలో (కొత్త బొమ్మల అంతస్తులో) బహుభుజి హాట్‌స్పాట్లు గీసి, అక్కడ తగిలిన క్లిక్కును ఆ వస్తువు పాత పెట్టె మధ్య బిందువుకి మార్చి వీఎంకి పంపాలి. పాత్రలు కదిలే వస్తువులు కాబట్టి వాటికి మాత్రం గీతలు పనికిరావు, అప్పుడు గీసిన స్ప్రైటు మీదే తగులుబాటు చూడాలి.

పొడవైన గదుల్లో కెమెరా కూడా 8 పిక్సెళ్ల మెట్లలోనే కదులుతుంది. కొత్త తెర మీద అది ఒక్కో మెట్టుకి 48 చుక్కల గెంతు, కళ్లు నొప్పిపుడతాయి. రెండు టిక్కుల (వీఎం వేసే అడుగుల) మధ్య కెమెరా స్థానాన్ని ఇంటర్‌పొలేట్ చేయాలి, అంటే మధ్య స్థానాలు లెక్కగట్టాలి. అలా చేసిన వెంటనే ఇంకో బగ్ పుడుతుంది: కంటికి కనిపిస్తున్న కెమెరా, వీఎం అనుకుంటున్న కెమెరా ఒకటి కావు. నడుస్తూ క్లిక్ చేస్తే పక్క వస్తువుకి తగులుతుంది. క్లిక్కును ఎప్పుడూ గీసిన కెమెరా లెక్కలో గది కోఆర్డినేట్లకి మార్చి, ఆ తర్వాతే వీఎంకి అందించాలి.

పాత్రల నడకకీ ఇదే మాట. స్కమ్‌లో తర్వాతి ఫ్రేము ఎన్ని జిఫీల తర్వాత రావాలో స్క్రిప్టు వేరియబుల్ చెబుతుంది. జిఫీ అంటే సెకనులో 60వ వంతు. ఆ విలువ 6 అయితే సెకనుకి 10 ఫ్రేములే. స్థానాన్ని 60 ఫ్రేములకి నునుపు చేసి, కాళ్ల ఫ్రేములను పాత లెక్కలోనే వదిలేస్తే పాత్ర మంచు మీద జారుతున్నట్టు కనిపిస్తుంది. స్థానాన్ని నునుపు చేస్తే నడక ఫ్రేములనూ కొత్తగా గీయించాలి. అంత డబ్బు లేకపోతే రెండింటినీ పాత లెక్కలోనే ఉంచడం మేలు.

స్టిక్‌తో కర్సర్

కంట్రోలర్‌కి మూడు దారులున్నాయి: స్టిక్‌తో కర్సర్ నడపడం, హాట్‌స్పాట్లను డీ-ప్యాడ్‌తో ఒకదాని నుంచి ఒకదానికి మార్చడం, పాత్రనే స్టిక్‌తో నడిపించడం. మొదటి స్పెషల్ ఎడిషన్ కర్సర్‌నే నమ్ముకుంది. 2010లో వచ్చిన రెండో భాగం స్పెషల్ ఎడిషన్‌లో పాత్రను నేరుగా నడిపించే వీలు చేరింది. 2022 నాటి ‘రిటర్న్ టు మంకీ ఐలాండ్’ కంట్రోలర్ పట్టుకుంటే పాత్రను స్టిక్‌తోనే నడిపిస్తుంది. పాత గదులకి మొదటి రెండూ కలిపి ఇవ్వడమే సరైన పద్ధతి. పాత నడక పెట్టెలు సన్నగా, వంకరగా ఉంటాయి. స్టిక్‌తో నడిపిస్తే పాత్ర మూలల్లో ఇరుక్కుంటుంది, గుమ్మం ముందు కెమెరా మారగానే దిశ తారుమారై వెనక్కి వెళ్లిపోతుంది.

కర్సర్ విషయంలో ఎక్కువ పోర్టులు ఒకే చోట తప్పుతాయి. కర్సర్ స్థానాన్ని 320×200 పూర్ణాంకాల్లో దాస్తారు. స్టిక్‌ను కొద్దిగా వంచితే ఒక ఫ్రేములో జరగాల్సింది 0.4 పిక్సెల్, అది కత్తిరించుకుపోయి సున్నా అవుతుంది. నెమ్మదిగా కదిలించాలనుకుంటే అసలు కదలదు, ఐమూలగా తోస్తే మెట్లు మెట్లుగా వెళ్తుంది. స్థానం ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యగా) ఉండాలి, వీఎంకి ఇచ్చే ఆఖరి క్షణంలోనే పూర్ణాంకం చేయాలి. డెడ్ జోన్ (స్టిక్ కదలికను లెక్కచేయని నడిమి భాగం) అక్షం అక్షానికి విడిగా కాకుండా వృత్తాకారంలో ఉండాలి. మైక్రోసాఫ్ట్ కంట్రోలర్ లైబ్రరీ ఎక్స్‌ఇన్‌పుట్ ఎడమ స్టిక్‌కి సూచించే విలువ 32767లో 7849, అంటే సుమారు 24 శాతం. కర్సర్ పనికి అది పెద్దది, 15 శాతంతో మొదలుపెట్టి అరిగిన కంట్రోలర్లతో పరీక్షించి సరిచేయాలి. డెడ్ జోన్ దాటాక మిగిలిన దూరాన్ని మళ్లీ 0 నుంచి 1 దాకా సాగదీసి, దాని వర్గాన్ని వేగంగా తీసుకోవాలి. పూర్తిగా వంచినప్పుడు తెర వెడల్పును సుమారు 1.2 సెకన్లలో దాటేలా మొదలుపెడితే చాలామంది చేతికి సరిపోతుంది. హాట్‌స్పాట్ మీదికి రాగానే వేగం సగానికి తగ్గించాలి. అయస్కాంతంలా లాగడం మాత్రం వద్దు. రెండు వస్తువులు దగ్గరగా ఉంటే కర్సర్ మన మాట వినడం లేదన్న చికాకు పుడుతుంది.

డీ-ప్యాడ్ జాబితాను ఎప్పుడూ వీఎం ప్రస్తుత స్థితి నుంచే తీయాలి. ‘ముట్టుకోరాదు’ అనే క్లాసులో ఉన్నవీ, మూసిన పెట్టె లోపల ఉన్నవీ అందులో కనబడకూడదు. చేతితో రాసిన స్థిరమైన జాబితా పెడితే ఇంకా బయటపడని వస్తువు పేరు ముందే కనిపించి పజిల్ పాడవుతుంది.

పట్టీ పాత్రధారి అయ్యే మూడు చోట్లు

ఒకటి, గవర్నర్ భవనం. గైబ్రష్ గోడ వెనక్కి వెళ్లిపోతాడు, తెర మీద మనిషి ఉండడు. లోపల ఏం జరుగుతోందో ఆజ్ఞల లైనులో దానంతట అదే పడే వాక్యాల వల్లే తెలుస్తుంది, హాస్యమంతా అందులోనే. కొత్త రూపంలో పట్టీని ట్రిగ్గర్ వెనక దాచి, ఆ లైనును కూడా దానితో పాటే దాస్తే ఆటగాడికి మిగిలేది ఖాళీ హాలూ చప్పుళ్లూ. కాబట్టి ఆ లైను పట్టీలో భాగం కాకూడదు. అది విడి పొరగా, పట్టీ మూసి ఉన్నా తెర మీద ఉండాలి. దాని వాక్యం కంట్రోలర్ ఏం ఎంచుకుందన్నదాని నుంచి కాక వీఎం ఏం రాసిందన్నదాని నుంచి రావాలి.

రెండు, నీటి అడుగు. గైబ్రష్ పది నిమిషాలు ఊపిరి బిగపట్టగలనని గొప్పలు చెప్పుకుంటాడు. నిజంగా పది నిమిషాలు వదిలేస్తే మునిగి చనిపోతాడు, అప్పుడు పట్టీలోని వెర్బులన్నీ మారిపోయి శవం చేయగల పనులు మాత్రమే మిగులుతాయి. తొమ్మిది వెర్బులను బొమ్మల చక్రంగా గట్టిగా కుట్టేసిన పోర్టులో ఈ ఘట్టానికి చోటే లేదు. చక్రంలోని ప్రతి గడినీ వీఎం వెర్బు స్లాటు నుంచే నింపాలి. స్లాటులోని పేరు తెలిసిన తొమ్మిదిలో ఒకటైతే బొమ్మ, కాకపోతే ఆ పేరునే అక్షరాల్లో చూపాలి.

ఇదే ఘట్టం కన్సోల్ సస్పెండ్‌కి కూడా అగ్నిపరీక్ష. ఆటగాడు నీటి అడుగున ఉండగా కన్సోల్‌ను నిద్రపుచ్చి మర్నాడు లేపాడనుకుందాం. ఇంజన్ గడియారం సిస్టమ్ టైం నుంచి నడుస్తుంటే లేవగానే పది నిమిషాలు గడిచిపోయినట్టే, గైబ్రష్ శవమై తేలతాడు. వీఎంకి అందించే డెల్టా టైంకి (గత ఫ్రేము నుంచి గడిచిన కాలానికి) పైహద్దు పెట్టాలి. ఒక ఫ్రేముకి 100 మిల్లీసెకన్లు దాటితే 100 గానే లెక్కించాలి. కంట్రోలర్ బ్యాటరీ అయిపోయి తెగిపోయినప్పుడూ, సిస్టమ్ మెనూ తెరిచినప్పుడూ వీఎం టిక్కు పూర్తిగా ఆగాలి.

మూడు, గ్రాగ్ అనే ఘాటు మద్యం. స్కమ్ బార్‌లో కప్పు నింపుకుని జైలు దాకా తీసుకెళ్లి తాళం మీద పోయాలి. గ్రాగ్ కప్పును తినేస్తుంది, కరిగిపోయేలోపు ఇంకో కప్పులోకి ఒంపుకుంటూ పరిగెత్తాలి. మౌస్‌తో ఒక ఒంపుడుకి మూడు క్లిక్కులు, అన్నీ తెర కింద అరచేతి మేరలోనే. కంట్రోలర్ మీద అదే పనికి ట్రిగ్గర్ నొక్కి పట్టీ తెరవాలి, వెర్బు ఎంచాలి, ఒక కప్పు వెతకాలి, నొక్కాలి, రెండో కప్పు వెతకాలి, నొక్కాలి. ఆజ్ఞ ముగియగానే పట్టీ దానంతట మూసుకుంటే మళ్లీ మొదటి నుంచి.

సులువైన మందు పట్టీ తెరిచినప్పుడు కాలాన్ని ఆపడం. అది వద్దని నా గట్టి అభిప్రాయం. కాలం ఆగితే కప్పు కరగదు, కప్పు కరగకపోతే అక్కడ పజిల్ లేదు. బదులుగా మూడు పనులు చేయాలి. పట్టీ ఆటగాడు మూసేదాకా తెరిచే ఉండాలి. వాడిన చివరి వెర్బు ఎంచిన స్థితిలోనే నిలవాలి. సంచీలో కర్సర్ చివరి వస్తువు దగ్గరే ఉండాలి. ఇవి అమర్చాక మౌస్‌తోనూ కంట్రోలర్‌తోనూ ఒక ఒంపుడుకి పట్టే సమయాన్ని ఈ ఆట తెలియని వాళ్లతో కొలిపించి, రెంటి నిష్పత్తి మేరకు ఆ ఒక్క స్క్రిప్టులోని ఆలస్యాన్ని పెంచాలి. మౌస్‌కి 3 సెకన్లు, కంట్రోలర్‌కి 5 వస్తే 1.67 రెట్లు. ఈ పెంపు ఇన్‌పుట్ కంట్రోలర్ అయినప్పుడే వర్తించాలి. ప్లేస్టేషన్ టచ్‌ప్యాడ్‌కీ స్విచ్ చేతి తెర టచ్‌కీ విడిగా కొలవాలి, వేలితో ఒంపడం మౌస్ కంటే కూడా వేగం కావచ్చు.

గొంతులు, రాతలు

పాత ఆటలో మాట తెర మీద ఎంతసేపు ఉండాలో అక్షరాల సంఖ్యను బట్టి నడిచేది. గొంతు చేర్చాక ఆ లెక్క చెల్లదు. స్క్రిప్టు ‘మాట అయ్యేదాకా ఆగు’ అంటే ఇబ్బంది లేదు, మాట ఉందని చెప్పే వేరియబుల్‌ను గొంతు ముగిసేదాకా నిలిపితే చాలు. స్క్రిప్టు ‘ఇన్ని జిఫీలు ఆగు’ అని అంకె రాసిన చోట గొంతు మధ్యలో తెగుతుంది. అలాంటి చోట్లను స్క్రిప్టు డంప్‌లో వెతికి ముందే జాబితా చేసుకోవాలి, చెవితో పట్టుకోబోతే సగం తప్పిపోతాయి.

సంభాషణలు స్క్రిప్టు బైట్‌కోడ్ లోపలే పొదిగి ఉంటాయి. అనువాదాలకీ గొంతు ఫైళ్లకీ తాళం చెవిగా వాక్యాన్నే వాడితే ప్రమాదం: ఒకే ఇంగ్లీషు వాక్యం నాలుగు చోట్ల నాలుగు భావాలతో వస్తుంది. గది నంబరు, స్క్రిప్టు నంబరు, బైట్ స్థానం ఈ మూడూ కలిపిన సంఖ్య వాడాలి.

అక్షరాల పరిమాణం గురించి మైక్రోసాఫ్ట్ యాక్సెసిబిలిటీ సూచన స్పష్టంగా ఉంది: కన్సోల్ మీద 1080 లైన్లకి కనీసం 26 పిక్సెళ్లు, 4కేకి 52. పాత ఫాంట్‌ను 5.4 రెట్లు పెంచితే ఈ హద్దు హాయిగా దాటుతుంది, కొత్త ఫాంటే చాలాసార్లు చిన్నదవుతుంది. తెలుగులో ఇలాంటి ఆట చేయదలచిన వాళ్లు ఆ 26ను నమ్ముకోవద్దు. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి చోట్ల వత్తులు పూడుకుపోతాయి, 34కి తగ్గకుండా ఉంచి లైన్ల మధ్య ఖాళీ పెంచాలి. పైగా స్కమ్ ఫాంటుకి అక్షరానికో బొమ్మ తప్ప వత్తుల సంగతి తెలియదు. పైపొరలో హార్ఫ్‌బజ్ లాంటి షేపింగ్ లైబ్రరీ ఉండి తీరాలి.

సీడీ సంగీతం ఆవృత్తంగా మోగాలి. దాన్ని ఎంపీ3 చేస్తే ఎన్‌కోడర్ మొదట్లో చివర్లో చేర్చే మౌనం వల్ల ప్రతి చుట్టుకీ చిన్న ఖాళీ వినిపిస్తుంది. ఓగ్ వార్బిస్ అయితే శాంపిల్ లెక్కన లూపు బిందువులు ఇవ్వొచ్చు. రూపం మార్చే బటన్ నొక్కినప్పుడు పాత ట్రాకు స్థానాన్ని కొత్త ట్రాకు స్థానంలోకి మార్చి అక్కడి నుంచే కొనసాగించాలి. మళ్లీ మొదలైతే ఆ బటన్‌ను ఎవరూ రెండోసారి నొక్కరు.

సేవ్, లైసెన్సు

ఆటోసేవ్‌కి మూడు షరతులు: ప్రవేశ స్క్రిప్టు పూర్తవ్వాలి, నడుస్తున్న కట్‌సీన్ల (వాటంతట అవే నడిచే దృశ్యాల) లెక్క సున్నా అవ్వాలి, ఆటగాడి ఇన్‌పుట్ తెరిచి ఉండాలి. ఏ ఒక్కటి లేకుండా సేవ్ చేసినా లోడ్ చేశాక కర్సర్ రాని గదిలో చిక్కుకునే అవకాశం ఉంది. వీఎం స్థితికి తోడు పైపొర స్థితిని సేవ్ చేయొద్దు, దాన్ని లోడ్ అయ్యాక వీఎం నుంచే తిరిగి కట్టుకోవాలి.

పాత స్కమ్ ఆటలను నేటి యంత్రాల్లో నడిపే ఉచిత ప్రోగ్రాం స్కమ్‌వీఎం ఉండగా ఇంజన్ మళ్లీ రాయడం ఎందుకన్న ప్రశ్న ప్రతిచోటా వస్తుంది. 2001లో మొదలైన ఆ ప్రాజెక్టు చేసిన మేలు వెల కట్టలేనిది, పాత ఆటలు ఈనాటికీ బతికి ఉన్నాయంటే అదే కారణం. కానీ దాని లైసెన్సు జీపీఎల్. ఆట అమ్మితే ఇంజన్ సోర్సు మొత్తం కొన్నవాళ్లకి ఇవ్వాలి. కన్సోల్ ఎస్‌డీకే (తయారీదారు ఇచ్చే ప్రోగ్రామింగ్ సామగ్రి) రహస్య ఒప్పందం కింద ఉంటుంది, దాన్ని పిలిచే కోడ్‌ను బయట పెట్టనివ్వదు. రెండూ ఒకే ప్యాకేజీలో ఇమడవు. 2008లో నింటెండో వీ కన్సోల్‌కి వచ్చిన కొన్ని పిల్లల అడ్వెంచర్ ఆటల్లో స్కమ్‌వీఎం కోడ్ బయటపడి 2009లో రాజీతో ముగియడం ఇందుకు ఉదాహరణ. హక్కుదారు దగ్గర అసలు ఇంజన్ సోర్సు ఉంటే అదే వాడాలి, లేకపోతే ఈ ఒక్క ఆటకి కావలసిన ఆప్‌కోడ్లతో (స్క్రిప్టు ఆజ్ఞలతో) సొంత ఇంటర్‌ప్రిటర్ రాయాలి. ఆ రాసేవాళ్లు స్కమ్‌వీఎం సోర్సు చూసి రాయకూడదు. ఇలాంటి ఆటలు తయారుచేసే సాధనమైన అడ్వెంచర్ గేమ్ స్టూడియోతో చేసిన ఆటలకి ఈ చిక్కు లేదు, 2011లో బయటపెట్టిన ఆ ఇంజన్ ఆర్టిస్టిక్ లైసెన్స్ 2.0 కింద ఉంది.

పరీక్షకి ప్రతి బిల్డులోనూ పూర్తి ఆట ఆడించే వీలుండదు. కాబట్టి గవర్నర్ భవనం, నీటి అడుగు, గ్రాగ్ పరుగు, వీటికి తోడు తిట్ల కత్తియుద్ధం, ఈ నాలుగింటికీ ముందే సేవ్ ఫైళ్లు తయారు పెట్టుకోవాలి. కత్తియుద్ధం ఎందుకంటే తిట్లు నేర్చుకునేకొద్దీ సంభాషణ జాబితా తెర పట్టనంత పొడవవుతుంది, డీ-ప్యాడ్ స్క్రోలింగ్‌లో లోపమేదైనా ఉంటే అక్కడే బయటపడుతుంది. నీటి అడుగు సేవ్‌ను రెండుసార్లు నడపాలి: ఒకసారి కన్సోల్‌ను రాత్రంతా నిద్రపుచ్చి లేపితే గైబ్రష్ బతికి ఉండాలి, ఇంకోసారి కంట్రోలర్ ముట్టుకోకుండా పది నిమిషాలు వదిలేస్తే చచ్చిపోవాలి.